వంకలు బాగుచేసే అధికారం పంచాయతీకి ఇవ్వండి: పంచాయతీరాజ్ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్, గ్రామీణాభివృద్ధి శాఖ మంత్రి గారికి,

నమస్కారం. వాతావరణ మార్పు మీద ఎన్ని సభలు జరిగినా మొక్కలు నాటే రోజున తప్ప పంచాయతీ పేరు వినపడదు. నేను అనంతపురం జిల్లాలో వేరుశనగ, కంది పండించుకునే రైతును. ఈ మార్పును ముందుగా చూసేదీ, దెబ్బ తినేదీ ఊరే కాబట్టి మీకు రాస్తున్నాను.

ఏడాది మొత్తానికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వాన పడే జిల్లా మాది. ఆ కాస్త వానా ఇప్పుడు వారాల తరబడి మొహం చాటేసి, పైరు ఎండిపోయాక ఒక్క రాత్రిలో కుమ్మరించి పోతోంది. 2021 నవంబరులో చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి రాజంపేట వైపు ఊళ్లు కొట్టుకుపోయాయి, మనుషులు పోయారు. అదే నెలలో తిరుపతి దగ్గర రాయలచెరువు కట్ట ఆగుతుందో లేదోనని కింది ఊళ్లను ఖాళీ చేయించారు. మరుసటి అక్టోబరులో నడిమివంక అనే వాగు పొంగి అనంతపురం కాలనీలు మునిగాయి. కరువు సీమ అని పేరుపడ్డ చోట, ఏడాది తిరక్కుండానే ఇవన్నీ చూశాం.

మా ఊరి సంగతి చెబుతాను. చెరువు నిండితే మిగులు నీళ్లు మరువ మీదుగా పొర్లి వంకలో, అంటే వాగులో పడాలి. ఆ వంకకు అడ్డంగా రోడ్డు వేసినప్పుడు రెండు సిమెంటు గొట్టాలు పెట్టి పైన మట్టి కప్పేశారు. గొట్టాల నోట్లో సర్కారు కంప మొలిచింది. దానికి ప్లాస్టిక్ సంచులు, పాత డ్రిప్పు పైపులు చుట్టుకుని గట్టి అడ్డుకట్ట అయింది. పెద్ద వాన వస్తే నీళ్లు గొట్టాల్లోకి పోవు, వెనక్కి తన్ని కట్ట కింది ఇళ్లలోకి వస్తాయి. ఒక జేసీబీ ఒక్క పూట పనిచేస్తే పోయే కష్టం ఇది. అయితే చెరువు ఒక శాఖది, వంక పోరంబోకు ఇంకొకరిది, రోడ్డు మరొకరిది. మునిగే ఇళ్లు మాత్రం పంచాయతీవి. అర్జీ పట్టుకుని ఎక్కడికి వెళ్లినా పక్క ఆఫీసు చూపించారు.

మా తాతల కాలంలో చెరువుకు నీరుగంటి ఉండేవాడు. తూము ఎప్పుడు ఎత్తాలో, ఏ మడికి ఎంతసేపు పారాలో అతనే చూసేవాడు. వాన పట్టిన రాత్రి లాంతరు పట్టుకుని కట్ట మీద తిరిగేదీ అతనే. పంటలో అతనికి గింజలు కొలిచి ఇచ్చేవారు. ఆ పనికి ఇప్పుడు జీతమూ లేదు, మనిషీ లేడు. కట్టకు నెర్రె పడితే చూసి చెప్పే బాధ్యత ఎవరిదో మా ఊళ్లో ఎవరినడిగినా చెప్పలేరు.

చట్టం ఇచ్చింది మీరు ఇవ్వండి చాలు. పంచాయతీలకు రాజ్యాంగ హోదా ఇచ్చిన 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24 నుంచి అమల్లో ఉంది. పంచాయతీలకు అప్పగించదగ్గ పనుల జాబితా అయిన పదకొండో షెడ్యూలులోని 29 అంశాల్లో చిన్ననీటి పారుదల, వాటర్‌షెడ్లు, సామాజిక వనాలు, తాగునీరు, సంప్రదాయేతర ఇంధనం అన్నీ ఉన్నాయి. వాతావరణ మార్పును తట్టుకోవడానికి ఊరికి కావలసినవి దాదాపు ఇవే. అధికారాలు కాగితం దాటి ఊళ్లోకి రాలేదు, అంతే.

డబ్బు మాట కూడా చెప్పుకోవాలి. 2021-26 కాలానికి 15వ ఆర్థిక సంఘం పంచాయతీలకు ఇచ్చిన గ్రాంట్లలో 60 శాతం తాగునీటికీ పారిశుద్ధ్యానికీ కట్టేసింది. మిగిలిన 40 శాతమే ఊరు తన అవసరం చూసుకుని ఖర్చు పెట్టుకోగలిగింది. ఆ గ్రాంట్లను కరెంటు బకాయిల కింద పట్టుకున్నారని రాష్ట్రమంతటా సర్పంచులు రోడ్డెక్కిన సంగతి మీకు తెలియనిది కాదు. పంచాయతీకి వచ్చే బిల్లులో పెద్ద వాటా తాగునీటి మోటారుదీ వీధి దీపాలదీ. ఎండకు కొదవలేని జిల్లాలో నీటి మోటార్లకు, పంచాయతీ భవనాలకు ప్రభుత్వమే సోలార్ పెట్టిస్తే బొగ్గు కరెంటు వాడకం తగ్గుతుంది. మిగిలిన డబ్బుతో వంక బాగవుతుంది.

కేరళ వైపు ఒకసారి చూడండి. వయనాడ్‌లోని మీనంగాడి పంచాయతీ 2016లోనే కర్బన సమతుల్యం, అంటే ఊరు గాలిలోకి వదిలే కర్బనమంతా చెట్లూ నేలా తిరిగి పీల్చుకునే స్థితి, సాధించాలని పని మొదలుపెట్టింది. చెట్టు నరకకుండా ఉంచుకునే రైతుకు చెట్టు మీదే వడ్డీ లేని అప్పు ఇచ్చే పథకం తెచ్చింది. అక్కడి సర్పంచులు మనవాళ్లకంటే తెలివైనవాళ్లని నేను అనుకోను. 1996 నుంచి ఆ రాష్ట్రం తన ప్రణాళిక నిధుల్లో మూడో వంతుకు పైగా స్థానిక సంస్థలకు పంచడం మొదలుపెట్టింది. తేడా అక్కడుంది.

ఎండ గురించి రెండు మాటలు. 2015 వేసవిలో మన రాష్ట్రంలోనే వెయ్యి మందికి పైగా వడదెబ్బతో పోయారు. ఆ తర్వాత విపత్తుల సంస్థ మండలాల వారీగా వడగాలుల హెచ్చరికలు ఇస్తోంది, అది మంచి పని. హెచ్చరిక ఫోనుకు వచ్చాక ఊళ్లో ఏం చేయాలో, దేని నుంచి ఖర్చు పెట్టాలో మాత్రం ఎవరూ చెప్పరు. చలివేంద్రం దాతల దయ మీద నడుస్తోంది. హెచ్చరిక వచ్చిన రోజున కూలి పనుల వేళలు మార్చే అధికారం, నీడకూ నీళ్లకూ వెంటనే ఖర్చు పెట్టే వీలు సర్పంచికి ఉండాలి.

ఇప్పుడు నేను అడిగేది ఇది. ఏటా మే నెలలో, తొలకరికి ముందే, చెరువు, వంక, రోడ్డు చూసే శాఖల వాళ్లందరూ ఒకే రోజున ఊరికి రావాలి. సర్పంచితో, గ్రామసభ ఎంచుకున్న ఇద్దరు రైతులతో కలిసి కట్ట నుంచి వంక చివరి దాకా నడిచి, ఏం చేయాలో అక్కడికక్కడే రాసి సంతకాలు పెట్టాలి. పదిహేను రోజుల్లో ఆ పని జరగకపోతే పంచాయతీయే చేయించి, బిల్లు ఆ శాఖకు పంపే అధికారం ఇవ్వండి. చెరువున్న ప్రతి ఊళ్లో కట్ట చూసుకునే మనిషికి వానాకాలం నాలుగు నెలలకైనా జీతం మంజూరు చేయండి. ఉత్తర్వు వెలువడితే, దాని తెలుగు కాపీని పంచాయతీ ఆఫీసు గోడకు అంటించాలని కూడా అందులోనే రాయించండి.

ఇట్లు,
అనంతపురం జిల్లా నుంచి ఒక వేరుశనగ రైతు