ముందు పలాస పొగ సంగతి తేల్చండి

సంపాదకులకు నమస్కారం.

గత వారం మీ జిల్లా పేజీలో స్వచ్ఛ ఇంధనం మీద వచ్చిన వార్త చదివాను. రాష్ట్ర ప్రభుత్వం 2024 అక్టోబరులో తెచ్చిన సమీకృత స్వచ్ఛ ఇంధన విధానం గురించి, 10 లక్షల కోట్ల రూపాయల పెట్టుబడుల గురించి, ఏడున్నర లక్షల ఉద్యోగాల గురించి మరోసారి రాశారు. అంత పెద్ద వార్తలో జీడి పరిశ్రమల పొగ పీలుస్తున్న పలాస పేరు ఒక్కచోటా లేదు. కాశీబుగ్గలో ఉండేవాణ్ని కనుక నాకు ముందుగా కనిపించింది అదే. కోపం తగ్గాక రాద్దామని ఇన్నాళ్లు ఆగాను. తగ్గే దారి కనిపించక ఈ ఉత్తరం రాస్తున్నాను.

పలాస-కాశీబుగ్గ జంట పట్టణాల్లో, చుట్టుపక్కల రెండు వందలకు పైగా జీడి పరిశ్రమలు ఉన్నాయి. మా ఉద్దానం ప్రాంతపు పంట చాలక ఆఫ్రికా దేశాల నుంచి కూడా జీడి పిక్కలు తెప్పించి ఇక్కడ పప్పు తీయిస్తున్నారు. వేలమంది ఆడవాళ్లకు అదే జీవనాధారం, కాబట్టి పరిశ్రమలు మూయమని నేను అనను, ఎవరు అన్నా ఒప్పుకోను. కానీ 80 కిలోల పిక్కల బస్తా కొడితే చేతికి వచ్చే పప్పు నాలుగో వంతుకు అటూఇటూ. మిగిలిన దాంట్లో అధిక భాగం తొక్కే. ఆ తొక్కలో ఒంటికి తగిలితే చర్మం కాలే ఘాటైన నూనె ఉంటుంది. పిక్కల్ని డ్రమ్ముల్లో వేసి కాల్చినా, నూనె తీయని తొక్కను పొయ్యిల్లో వేసి మండించినా ఆ ఘాటంతా ఊరి మీదకే వస్తుంది. చలికాలంలో ఆ పొగ మంచులో చిక్కుకుని పొద్దెక్కేదాకా ఇళ్ల మధ్యే ఉండిపోతుంది. బడికి వెళ్లే పిల్లలు కళ్లు నులుముకుంటూ వెళతారు. పిక్క కొట్టే ఆడవాళ్ల వేళ్లు చూడండి, నల్లబడి పొరలు పొరలుగా ఊడి ఉంటాయి. బూడిదో నూనో రాసుకుని మళ్లీ పనిలో కూర్చుంటారు. కిలోల లెక్కన కూలి కనుక చేతికి తొడుగు వేసుకుంటే పని సాగదని, కూలి పడిపోతుందని వారి భయం.

ఇంత నష్టం చేస్తున్న ఆ తొక్క నూనె నిజానికి విలువైన సరుకు. వాహనాల బ్రేకు లైనింగుల్లో, రంగుల్లో, వార్నిష్‌లలో దాన్ని వాడతారు. నూనె పిండేసిన పిప్పి బాయిలర్లకు మంచి వంటచెరకు. పిక్కల్ని కాల్చకుండా ఆవిరి మీద ఉడికించే పద్ధతి వచ్చి చాలా కాలమైంది, డబ్బున్న యజమానులు దానికి మారారు కూడా. మారలేనివాళ్లు చిన్నవాళ్లు. నలుగురైదుగురు చిన్న యజమానులకు కలిపి ఒక బాయిలర్, ఊరికి దూరంగా అందరి తొక్కా కొనే ఒక నూనె మిల్లు, తక్కువ వడ్డీకి అప్పు ఏర్పాటు చేయండి. 10 లక్షల కోట్ల విధానంలో ఈపాటి పనికి చోటు లేదా?

జీడి పరిశ్రమ కోసమే ప్రత్యేకంగా పొగకూ మురుగునీటికీ కేంద్ర పర్యావరణ శాఖ 2010లోనే ప్రమాణాలు ప్రకటించింది. ఏ పొగగొట్టం నుంచి ఎంత మసి వస్తోందో కొలిచిన అంకెలను ఇన్నేళ్లలో ఏ నోటీసు బోర్డు మీదా నేను చూడలేదు. ఫిర్యాదు పట్టుకుని వెళితే ఒక కార్యాలయం పొగ తమ పరిధి కాదంటుంది, ఇంకో కార్యాలయం లైసెన్సు తమ పరిధి కాదంటుంది. తనిఖీకి పగటిపూట వస్తారు. పొగ చిక్కబడేది రాత్రి.

అదే 2010లో, జూలై 14న, సోంపేట బీల (చిత్తడి) భూముల్లో థర్మల్ విద్యుత్ కేంద్రం వద్దన్న జనం మీద కాల్పులు జరిగాయి. మరుసటి ఏడాది ఫిబ్రవరి 28న కాకరాపల్లిలోనూ అదే జరిగింది. రెండుచోట్లా ప్రాణాలు పోయాయి. కొవ్వాడ వాళ్లు అణు విద్యుత్ కేంద్రం పేరుతో ఏళ్ల తరబడి ఊరు వదలాలో ఉండాలో తెలియక నలిగిపోయారు. శ్రీకాకుళం అంటే కరెంటు తయారుచేసి బయటికి పంపే ఖాళీ జాగా అనే చూపు పెద్దలకు అప్పటినుంచీ ఉంది. ఇప్పుడు స్వచ్ఛ ఇంధనం మాట్లాడేవారు కూడా ఇక్కడి భూమినీ తీరాన్నీ చూస్తున్నారు తప్ప ఇక్కడి మనుషులు పీల్చే గాలిని చూడటం లేదు. ఉద్దానంలో కిడ్నీలు పాడైపోతున్నాయని ఎంతకాలం మొత్తుకుంటే హిరమండలం నీళ్ల పథకమూ, 2023 డిసెంబరులో పలాస కిడ్నీ ఆసుపత్రీ వచ్చాయి! ఆ జబ్బుకు పొగ కారణమని నేను అనడం లేదు, దాని కారణం ఇప్పటికీ తేలలేదు. ఇప్పటికే కుదేలైన మనుషుల చేత ఈ పొగ కూడా ఎందుకు పీల్పిస్తున్నారని అడుగుతున్నాను.

పల్లెల్లో చెత్త నుంచి సంపద తీస్తామని ఉపాధి హామీ నిధులతో కట్టిన షెడ్లదీ ఇదే కథ. మా వైపు నేను చూసినవాటిలో తాళాలు వేసినవే ఎక్కువ. గోడలకు రంగులు వేయడానికి డబ్బు దొరికింది, లోపల చెత్త వేరు చేసే మనిషికి నెలనెలా జీతం దొరకలేదు. చెత్త చెరువు గట్టు మీద తగలబడుతోంది. సూర్యఘర్ పథకం కింద ఇంటి మీద 3 కిలోవాట్ల సౌర విద్యుత్ పలకలకు 78,000 రూపాయల రాయితీ ఇస్తున్నారు, అది మంచి పని. ఇళ్లకు పెట్టినంత సులువైన పథకం పప్పు ఆరబెట్టుకునే చిన్న యూనిట్లకు కూడా పెట్టాలి.

మీ విలేకరిని ఒక రాత్రి పది దాటాక కాశీబుగ్గ పంపండి. గొట్టాల కొలతల అంకెలు ఇమ్మని సమాచార హక్కు చట్టం కింద నేను దరఖాస్తు పెడుతున్నాను. జవాబు వచ్చినా, రాకపోయినా మీకు తెలియజేస్తాను. దయచేసి అచ్చు వేయండి.

ఇట్లు,
ఒక జీడి రైతు,
కాశీబుగ్గ, శ్రీకాకుళం జిల్లా