చివరి పేరా అమ్మకి చదవకు

అక్కా,

మొన్న ఫోన్లో అమ్మ గొంతు విన్నాక సరిగా నిద్ర పట్టలేదు. "ఎవరి గోడకో రంగులు వెయ్యడానికి అప్పు చేశావటగా" అంది. ఆ మాట ఎవరు చేరవేశారో అడగనులే. ఫోన్లో మొదలుపెడితే ఇద్దరం అరుచుకుంటాం, అందుకే రాస్తున్నాను. నువ్వే చదివి వినిపించు.

ఆఫీసు ఎప్పట్లాగే ఉంది. జీతం వేళకి పడుతోంది.

ఆ గోడ ఎవరిదో కాదు, మా వీధి చివర లైబ్రరీది. అమెరికా వచ్చిన మొదటి ఏడాది శని, ఆదివారాలు ఎలా గడిచాయో నీకొక్కదానికే తెలుసు. ఇప్పుడు శనివారం పదింటికి పన్నెండు మంది నాకోసం ఎదురుచూస్తుంటారు. ఆ గోడ మీద బొమ్మ గీసేది ఆర్టిస్టు, రంగులు నింపేది వీధిలో పిల్లలూ పెద్దలూ. గీత తిన్నగా రాని నాకు అప్పజెప్పింది కాగితాల పని.

అమ్మ దీన్ని చందాలు దండటం అంటోంది. కాదని చెప్పు. ఊళ్ళో బొమ్మలకి ప్రజల డబ్బు పెట్టడం ఇక్కడ పాత అలవాటే. ఫిలడెల్ఫియాలో 1959 నుంచే ప్రభుత్వ కట్టడాల ఖర్చులో ఒక శాతం దాకా కళకి కేటాయించాలని నిబంధన ఉంది. గ్రాండ్ రాపిడ్స్ అనే ఊళ్ళో 1969లో కాల్డర్ అనే శిల్పి చేసిన పెద్ద ఎర్ర శిల్పం నిలబెట్టారు. కళలకి డబ్బు సాయం చేసే ఇక్కడి ప్రభుత్వ సంస్థ, నేషనల్ ఎండోమెంట్ ఫర్ ది ఆర్ట్స్, దానికి 45,000 డాలర్లు ఇచ్చింది. ఇదేం వంకర ఇనుమని అప్పుడు తిట్టినవాళ్ళున్నారు. ఇప్పుడు ఆ ఊరి చెత్త బండ్ల మీద కూడా దాని బొమ్మే! అమ్మ నవ్వుతుంది, ఇది తప్పకుండా చదువు.

మా గోడ ఖర్చుకి అలాంటి సాయమే, గ్రాంటు అంటారు, అడుగుతూ పెట్టిన మొదటి అప్లికేషన్ రిజెక్ట్ అయింది. నా పేరు మీద పెట్టాను, గ్రాంటు ఇచ్చేవాళ్ళేమో వ్యక్తులకి ఇవ్వరు, లాభాపేక్ష లేని సంస్థలకే ఇస్తారు. మాకు సంస్థ ఎక్కడిది? అలాంటప్పుడు రిజిస్టరైన సంస్థ ఒకటి మన తరఫున డబ్బు తీసుకుని లెక్క చూస్తుంది, దాన్ని ఫిస్కల్ స్పాన్సర్ అంటారు. అందుకు కొంత శాతం పట్టుకుంటారు. ఇది తెలుసుకోవడానికే నాకు నాలుగు నెలలు పట్టింది. ఆ నాలుగు నెలల్లోనే డబ్బు కడితే ప్రభుత్వ రిజిస్ట్రేషన్ చేసిపెడతామని మెయిళ్ళు కూడా వచ్చాయి. బావ కంగారు పడక్కర్లేదు, కట్టలేదు. సామ్ డాట్ గవ్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో అది ఉచితం.

ఇంకో తప్పు బడ్జెట్‌లో. రంగులూ బ్రష్షులూ రాశాను. గోడకి ప్రైమరు, పైకెక్కే లిఫ్టు అద్దె, ఇన్సూరెన్సు, ఐదేళ్ళ తర్వాత పెచ్చులూడితే ఎవరు బాగుచేస్తారన్నది, ఇవేవీ రాయలేదు. గోడ ఓనరు అనుమతి పత్రం కూడా జత చెయ్యలేదు. నాన్న ఉంటే మొదటి పేజీలోనే పట్టేసేవారు. ఆయన కళ్ళజోడు పైకి తోసి "మిగతాది ఏది?" అనడం ఆ రాత్రి ఎన్నిసార్లు గుర్తొచ్చిందో.

చాలా గ్రాంట్లలో వాళ్ళు ఒక డాలరిస్తే మనం ఇంకో డాలరు చూపించాలి. అంతా నగదే కానక్కర్లేదు. ఉచితంగా పనిచేసినవాళ్ళ గంటలకీ, ఎవరైనా ఊరికే ఇచ్చిన రంగుడబ్బాకీ విలువ కట్టి లెక్కలో వేసుకోనిస్తారు చాలామంది. అందుకే ప్రతి శనివారం ఎవరు ఎన్ని గంటలున్నారో సంతకాలు పెట్టిస్తాను. పదేళ్ళ పిల్ల ఒకతి గడియారం చూసి మరీ "రెండు గంటల పది నిమిషాలు" అని రాసింది. రెండోసారి పెట్టినది ఒప్పుకున్నారు.

అమ్మ మోకాలికి డాక్టరేమన్నాడు? ఫిజియోథెరపీకి రోజూ వెళ్తోందా, నీకు వెళ్ళానని చెబుతోందా? ఈసారి ఎక్స్‌రే ఫోటో తీసి పంపు.

ఇక్కడ ఆపు. గ్రాంటు డబ్బు ముందే చేతికివ్వరు, ఖర్చుపెట్టి బిల్లులు చూపిస్తే అప్పుడిస్తారు. లిఫ్టు అడ్వాన్సూ ప్రైమరూ నా క్రెడిట్ కార్డు మీద పెట్టాను. బిల్లులన్నీ ఫైల్లో ఉన్నాయి, రెండు నెలల్లో తిరిగొస్తుంది. దాన్ని అప్పే అంటారని నాకూ తెలుసులే. తిట్టాలనుంటే నాకు విడిగా రాయి.

నీ
చెల్లి