లాంతరు చేపల్ని మేత బస్తాల్లోకి లాగొద్దు

సంపాదకుల వారికి,

లోతు సముద్రంలో మెరిసే చేపల గురించి ఎప్పుడు వార్త వచ్చినా 'వింత చేప' అని ఒక ఫొటో వేసి వదిలేస్తున్నారు. అరేబియా సముద్రంలోని బెంథోసీమా అనే లాంతరు చేపల సంగతి అలా వదిలేసేది కాదండీ, రేపోమాపో అవి మన రొయ్యల మేతలోకి దిగుతాయేమోనని నా టెన్షన్.

ఈ చేప వేలెడంత కూడా ఉండదు. పొట్ట కింద, పక్కల వెంట పూసలు గుచ్చినట్టు వెలుగు చుక్కలుంటాయి. పైనుంచి పడే మసక వెలుతురుకు సరిపడా వాటిని వెలిగించుకుంటే, కిందనుంచి చూసే పెద్ద చేపకు దీని నీడ ఆనదు. తోక మొదట్లో మెరిసే మచ్చ పైవైపు ఉంటే మగది, కిందివైపు ఉంటే ఆడది. పగలంతా 200, 300 మీటర్ల లోతున, ఆక్సిజన్ బాగా తక్కువున్న నీళ్లలో దాక్కుని, చీకటి పడగానే గుంపులుగా పైకొచ్చి సన్న జీవుల్ని తిని తెల్లారేలోగా దిగిపోతుంది. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో, శబ్దం పంపి లోతు పసిగట్టే సోనార్‌లో రాత్రయ్యేసరికి సముద్రపు అడుగే పైకి లేస్తున్నట్టు కనిపించింది, అది ఇలాంటి జీవుల గుంపులే.

1970ల్లో నార్వే పరిశోధన నౌక ఒకటి అరేబియా సముద్రంలో సర్వే చేశాక ఇవి 10 కోట్ల టన్నుల దాకా ఉండొచ్చని అంచనా వేశారు. అప్పట్నుంచీ వీటిని పట్టి ఫిష్‌మీల్, అంటే మేతలో కలిపే చేపల పొడి, చేద్దామన్న ఆలోచన నడుస్తూనే ఉంది, ఒమన్ సింధుశాఖలో ఇరాన్ పట్టి చూసింది కూడా.

మా భీమవరం వైపు రొయ్యల రైతు పెట్టుబడిలో సగానికి పైగా మేతకే పోతుంది, ఫిష్‌మీల్ చౌకవుతుందంటే ఎవరికి చేదు? కానీ సూర అని మనం పిలిచే ట్యూనా, స్క్విడ్ లాంటివి ఈ లాంతరు చేపల మీదే బతుకుతాయి. పైగా ఇవి రాత్రి పైన తిన్నదాన్ని పగలు లోతుల్లో విసర్జిస్తూ కార్బన్‌ని కిందికి చేరవేస్తున్నాయి. ఏడాదిలోపే బతుకు ముగిసే చేప కాబట్టి ఎంత పట్టినా మళ్లీ పుడతాయని కొందరంటారు, నాకు భయం వేసేది సరిగ్గా అక్కడే. ఒక్క ఏడాది గుడ్లు దెబ్బతింటే ఆదుకోడానికి వెనకటి ఏటి చేపలు మిగిలి ఉండవు కదా.

మేత బస్తా మీద ప్రోటీన్ శాతం రాస్తారు, ఫిష్‌మీల్ ఏ చేపదో, ఏ సముద్రానిదో మాత్రం రైతుకు తెలీదు. అది బస్తా మీదే రాయాలి. మీ విలేకరులు మేత కంపెనీలనీ, మత్స్యశాఖ అధికారులనీ ఈ మాట నేరుగా అడిగి, వాళ్లేం చెప్పారో మా జిల్లా పేజీలో వేయండి.

ఇట్లు,
ఒక పాఠకుడు, భీమవరం