పండూ, నువ్వు అడిగిన బోల్టులు పంపలేదు

చిరంజీవి పండుకి,

అమ్మ ఆశీస్సులు. ఇక్కడ నేనూ నాన్నగారూ బాగానే ఉన్నాం. నువ్వు వేళకి తింటున్నావని అనుకుంటున్నాను.

వాట్సాప్‌లో నువ్వు పంపిన లిస్టు రెండుసార్లు చూశాను. ఎం10 బోల్టులు (పది మిల్లీమీటర్లవి) ఆరు వందలు, ఎం12 రెండు వందలు, అన్నీ జింకు పూతవి, "తక్కువలో చూడమ్మా" అని రాశావు. జనరేటరుకి 12.9 బలం నంబరున్న అలెన్ బోల్టులు ఇరవై నాలుగు, అవీ జింకు పూతవే. ఈ పెట్టెలో అవేవీ లేవు. విప్పగానే కోపం వస్తుందని ఈ కాగితం పైనే పెట్టాను. ఫోన్లో చెబితే మీ షెడ్డులో గ్రైండరు మోతకి సగం మాటలు పోతాయి. అందుకే కొట్టు కట్టేశాక కూర్చుని రాస్తున్నాను.

ముందు రొయ్యల చెరువు నీళ్ళకి గాలి అందించే ఏరియేటర్ల సంగతి. నీ మొదటి ఆర్డరు ఇది. ఇరవై ఏరియేటర్లు అంటే చిన్న పని కాదు, పైగా మొగల్తూరులో. ఆ చెరువులకి ఉప్పుటేరు నీళ్ళు, ఆ పైన సముద్రం గాలి. పాలకొల్లులో మన కొట్టు ముందు నాలుగేళ్ళు మెరిసే జింకు బోల్టు అక్కడ నాలుగు నెలలు నిలవదు. అది నేను ఒక మనిషికి నష్టం చేసి నేర్చుకున్నాను.

వనామీ రొయ్య కొత్తగా వచ్చిన రోజులవి. నువ్వు చిన్నవాడివి, నీకు గుర్తుండదు. మన కొట్టుకి ఎప్పటినుంచో వచ్చే ఒక రైతు ఏరియేటర్ రెక్కలు బిగించడానికి బోల్టులు అడిగాడు. ఫ్రేమూ, రెక్కలు బిగించే నడిమి హబ్బూ స్టెయిన్‌లెస్ స్టీలువి. స్టీలు బోల్టు ఖరీదు విని ఆయన ఆలోచిస్తుంటే, "జింకువి తీసుకోండి, పని జరుగుతుంది" అన్నది నేనే. మూడు నెలలు కాకముందే ఒక తెల్లవారుజామున రెక్కలు ఊడి పక్కకి పడ్డాయి. నీళ్ళలో ఆక్సిజన్ అన్నిటికన్నా తగ్గేది తెల్లారే ముందే కదా. ఆయన గట్టు మీదికి వెళ్ళేసరికి రొయ్య తేలిపోయింది.

ఆ బోల్టు తెచ్చి కౌంటరు మీద పెట్టాడు. తల అలాగే ఉంది, నట్టూ ఉంది. మధ్యలో మాత్రం ఎలక కొరికిన చెరుకు గెడలా సన్నబడి, ఆ సన్నబడిన చోటే తెగింది. ఆయన గొంతు పెంచలేదు. "మీరిచ్చిందే కదమ్మా" అని మాత్రం అన్నాడు. ఆ మాట ఇన్నేళ్ళయినా నా చెవిలోనే ఉంది.

ఎందుకు తెగిందో తర్వాత తెలిసినవాళ్ళని అడిగి తెలుసుకున్నాను. రెండు వేరు వేరు లోహాలు ఒకదానికొకటి తగిలి ఉప్పునీళ్ళలో ఉంటే అది బ్యాటరీలా పనిచేస్తుంది. అందులో తక్కువ రకం లోహం కరిగిపోతుంది. అక్కడ స్టెయిన్‌లెస్ ఫ్రేము అంత పెద్దది, ఇనప బోల్టు ఇంత చిన్నది. అంత పెద్ద ఫ్రేము తినాల్సిందంతా ఆ చిన్న బోల్టులోంచే తింటుంది. పూత కాపాడుతుందిలే అనుకోకు. కొట్లో దొరికే మెరిసే జింకు పూత మందం 5 నుంచి 8 మైక్రాన్లు, అంతే. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు. ఇప్పుడు దీన్నే తిరగేసి ఆలోచించు. పెద్ద ఇనప యాంగిల్‌కి చిన్న స్టీలు బోల్టు వేస్తే ఆ తినడం ఇనుము అంతటా పరుచుకుంటుంది, బోల్టు చుట్టూ తుప్పు పడుతుంది గానీ రాత్రికి రాత్రి ఊడదు. స్టీలు మీద ఇనప బోల్టు వద్దనేది అందుకే.

కాబట్టి ఏరియేటర్లకి అన్నీ స్టీలు బోల్టులే పంపాను. అందులోనూ రెండు రకాలు, కలపకు. తెల్ల సంచిలోవి 304, తల మీద ఎ2-70 అని ఉంటుంది. నీలం సంచిలోవి 316, తల మీద ఎ4-70 అని ఉంటుంది. 316లో మాలిబ్డినం కలుపుతారు, ఉప్పుకి అదే తట్టుకుంటుంది. 304లో అది ఉండదు. ఉప్పునీళ్ళలో వాషరు కిందా నట్టు కిందా గాలి ఆడని సందుల్లో దానికి సూదితో పొడిచినట్టు గుంటలు పడతాయి. నీళ్ళలో తిరిగే హబ్బులకీ రెక్కలకీ నీలం సంచి, పైన మోటారు పీటకీ కవర్లకీ తెల్ల సంచి. అన్నీ 316 పెడితే మంచిదే గానీ, రైతుకి నువ్వు చెప్పిన రేటులో గిట్టదు.

ఎవరైనా తక్కువకి స్టీలు బోల్టులు ఇస్తానంటే తల మీద అక్షరాలు చూడు. ఏమీ లేకపోతే తీసుకోకు. కొట్టుకి వచ్చేవాళ్ళు జేబులోంచి అయస్కాంతం తీసి పెట్టి చూస్తారు, అతుక్కోకపోతే మంచి స్టీలని నమ్ముతారు. 202 రకం కూడా అతుక్కోదు, కానీ అందులో నికెల్ తగ్గించి మాంగనీస్ పెంచుతారు, ఉప్పునీళ్ళలో ఎర్రబడిపోతుంది. అసలైన 304 బోల్టే, చల్లగా కొట్టి తల చేస్తారు గనక, కొంచెం లాగుతుంది కూడా. అయస్కాంతం ఈ విషయంలో ఎవరికీ సాయం చెయ్యదు.

ఇక్కడ ఒక్కటి బాగా గుర్తుపెట్టుకో నాన్నా. స్టీలు బోల్టుని ఇంపాక్ట్ గన్‌తో బిగించకు. వేగంగా తిప్పితే నట్టూ బోల్టూ వేడెక్కి మర చుట్లు ఒకదాన్నొకటి పట్టేసుకుంటాయి. అప్పుడు అటు బిగుసుకోదు, ఇటు విప్పుకోదు, కోసి తియ్యాల్సిందే. లోపల నైలాన్ రింగుండే నైలాక్ నట్టు అయితే ఇంకా తొందరగా పట్టేస్తుంది. అలా పట్టెయ్యకుండా డబ్బాలో యాంటీ సీజ్ పేస్టు పెట్టాను. చుట్లకి వేలితో పల్చగా రాసి, చేతి స్పానరుతో నిదానంగా బిగించు. పేస్టు రాశాక బోల్టు తేలిగ్గా తిరుగుతుంది, అదే బలానికి ఎక్కువ లాగుతుంది. పొడి బోల్టుకి పెట్టినంత బలం పెట్టకు.

నైలాక్ నట్టులే ఎందుకంటే, ఏరియేటర్ పగలూ రాత్రీ ఊగుతూనే ఉంటుంది. స్ప్రింగు వాషరు వేశాను కదా అని ధైర్యంగా ఉంటారు చాలామంది. గట్టిగా బిగించగానే అది చదునైపోతుంది, ఆ తర్వాత మామూలు వాషరుకీ దానికీ తేడా లేదు. ఒకసారి విప్పిన నైలాక్ నట్టు మళ్ళీ హబ్బుకి వెయ్యకు. ఐదు రూపాయలు మిగుల్చుకోవడానికి చూడకు, కొత్తది వెయ్యి.

నట్టు వదులవుతుందని గట్టు మీద మెకానిక్కులు వెల్డింగు పెట్టేస్తారు. అది మాత్రం నా కొడుకు చెయ్యకూడదు. 2015 పుష్కరాలకి రాజమండ్రి వెళ్ళినప్పుడు పాత హేవలాక్ వంతెన చూపిస్తే, "వీటికి నట్టులేవమ్మా?" అని అడిగావు, గుర్తుందా? 1900లో తెరిచిన వంతెన అది, 1997లో రైళ్ళు ఆపేశారు. దానికున్న గుండ్రటి తలలు రివిట్లు. ఎర్రగా కాల్చి కొట్టేవి, ఒకసారి కొడితే విప్పడం ఉండదు. చెరువు ఏరియేటర్‌కి ఎప్పుడో ఒకప్పుడు రెక్క మార్చాలి, బేరింగు మార్చాలి. విప్పడానికే కదా బోల్టు వేసేది.

చుట్ల విషయంలోనూ పొడవు విషయంలోనూ నేను నీ లిస్టుని పూర్తిగా మార్చాను. ఫుల్ త్రెడ్, అంటే ఒళ్ళంతా చుట్లున్నవి అడిగావు, హబ్బులకి హాఫ్ త్రెడ్, అంటే కొంతవరకే చుట్లున్నవి పంపాను. రెండు ప్లేట్లు ఒకదాని మీద ఒకటి జారాలని చూసేచోట బోల్టు నున్నటి ఒళ్ళు ఉండాలి, చుట్లు ఉండకూడదు. ఎం12 ఒంటిని అడ్డంగా కోస్తే 113 చదరపు మిల్లీమీటర్ల వైశాల్యం ఉంటే, చుట్లు తీశాక మిగిలేది 84. తెగినవి చాలా చూశాను, ఎక్కువగా మొదటి చుట్టు దగ్గరే తెగుతాయి. నట్టు బిగించాక బయటికి రెండు మూడు చుట్లు కనపడాలి. ఇంకా ఎక్కువ మిగిలితే పొడవు తప్పు తీసుకున్నట్టు.

ప్లాస్టిక్ ఫ్లోట్లకి పెద్ద వాషర్లు విడిగా కట్టాను. ప్లాస్టిక్ నొక్కుకుపోతుంది, ఈ రోజు బిగించింది రేపటికి వదులుగా ఉంటుంది. చెరువులో దింపే ముందు మర్నాడు ఒకసారి చూసుకో.

ఇక జనరేటరు. దాని కింద ఇనప చానల్ బెడ్డు అన్నావు కాబట్టి దానికి స్టీలు అక్కర్లేదు, 8.8 హాట్ డిప్ బోల్టులు, అంటే కరిగిన జింకులో ముంచి తీసినవి పంపాను. ఆ బూడిదరంగు పూత సుమారు 50 మైక్రాన్లు ఉంటుంది. వాటి నట్టులు ఆ పూత పట్టేలా కొంచెం వదులుగా కోస్తారు, అందుకని వాటి నట్టులు వాటికే వాడు, మామూలు నట్టు ఎక్కదు.

8.8 అంటే నువ్వు డిప్లొమాలో చదివే ఉంటావు. మొదటి 8 అంటే ప్రతి చదరపు మిల్లీమీటరుకి 800 న్యూటన్ల దగ్గర తెగుతుంది, రెండో 8 అంటే అందులో 80 శాతం, 640 దగ్గర సాగడం మొదలవుతుంది. తల మీద 4.6 ఉన్నది 400 దగ్గరే తెగుతుంది, 240 దగ్గరే సాగుతుంది. స్టీలు ఎ2-70 తెగేది 700 దగ్గర, సాగేది 450 దగ్గర. అంటే ఖరీదు ఎక్కువైనా లాగుడులో స్టీలు బోల్టు 8.8 కన్నా తక్కువే. జనరేటరు బెడ్డుకి స్టీలు వేసి మంచిపని చేశాననుకునేవాళ్ళున్నారు.

12.9 జింకు పూతవి ఎందుకు పంపలేదంటే, అంత గట్టి ఉక్కుకి ఆ పూత పడదు. పూత వేసేముందు యాసిడ్‌లో ముంచుతారు, అక్కడా పూత తొట్టిలోనూ ఉక్కులోకి హైడ్రోజన్ దూరుతుంది. దాంతో ఉక్కు పెళుసవుతుంది. బిగించినప్పుడు ఏమీ కాదు, తర్వాత తెగుతుంది. మన వీధి చివర మెకానిక్కు అలాంటివి సాయంత్రం బిగించి ఇంటికెళ్ళాడు, పొద్దున షట్టరు తీస్తే రెండు తలలు ఊడి నేలమీద పడి ఉన్నాయి. ఇంజనుకీ ఆల్టర్నేటరుకీ మధ్య కప్లింగులో వచ్చిన బోల్టుల తలల మీద ఏ నంబరు ఉందో చూసి చెప్పు, అదే పంపుతాను. 12.9 అయితే నల్లటి నూనె పూతవి, మెరిసేవి కాదు. గట్టిది వేస్తే మంచిదేగా అని నీ అంతట నువ్వు నంబరు పెంచకు.

ఆ ఇంజను పాతది అన్నావు, అంగుళాల చుట్లు ఉండొచ్చు. 5/16 అంగుళం రంధ్రంలో ఎం8 బోల్టు రెండు మూడు చుట్లు ఎక్కి పట్టేస్తుంది. అప్పుడు స్పానరుతో బలవంతం చేస్తే రంధ్రంలో చుట్లు పోతాయి. చేత్తో చివరిదాకా తిరగనిదాన్ని స్పానరుతో తిప్పకు. అనుమానముంటే పాత బోల్టు పంపించు, గేజి పెట్టి చూస్తాను.

బిగింపుకి నాన్నగారి టార్క్ రెంచి పెట్టాను. పొడి 8.8కి ఎం10 అయితే సుమారు 45 న్యూటన్ మీటర్లు, ఎం12 అయితే సుమారు 80. ఎం12 తలలు కొన్నిటికి 19 స్పానరు, కొన్నిటికి 18 పడుతుంది, రెండూ పెట్టాను.

పెట్టె అడుగున పాత మందుల డబ్బా ఒకటుంది. అందులో ఆ రైతు తెచ్చిన బోల్టు ఉంది. ఇన్నాళ్ళూ కౌంటరు సొరుగులోనే దాచుకున్నాను. షెడ్డులో నీకు కనపడేచోట పెట్టుకో.

బిల్లు కూడా వేశాను, చూసి గుండెలు బాదుకోకు. నువ్వు అడిగిన వాటికీ వీటికీ ఉన్న తేడా ఇప్పుడు ఇవ్వక్కర్లేదు. ఏరియేటర్లు దిగి రైతు డబ్బు చేతికొచ్చాక ఇద్దువుగాని. ఆదివారం నాన్నగారు నరసాపురం మీదుగా వస్తారు, ఆవకాయ పంపిస్తాను. మొదటి హబ్బు బిగించాక ఫోటో పెట్టు, నట్టు వైపు నుంచి తియ్యి.

ఉంటాను నాన్నా,
అమ్మ