ఇంటర్‌లో ఒక్క పీరియడ్ ఇవ్వండి

గౌరవనీయులైన తెలంగాణ ఇంటర్మీడియట్ బోర్డు కార్యదర్శి గారికి,

నమస్కారం. నేను ఒక ప్రభుత్వ జూనియర్ కాలేజీలో ఇంగ్లిష్ లెక్చరర్‌ని. ఇంటర్ పాసైన మా పిల్లలు డిగ్రీలో తడబడుతున్నది తెలివి లేక కాదు. పై చదువుకి ఎలా వెళ్ళాలో, వెళ్ళాక ఎలా చదవాలో చెప్పే పీరియడ్ మన టైంటేబుల్‌లో లేదు.

డిగ్రీ సీట్ల ఆన్‌లైన్ అడ్మిషన్లకి దోస్త్ నోటిఫికేషన్ వచ్చినప్పుడు చూడండి. ఆధార్‌కి ఫోన్ నంబర్ లింకై ఉండదు. ఆదాయం సర్టిఫికెట్ కోసం మీసేవ దగ్గర క్యూ. చివరికి వెబ్ ఆప్షన్లు పెట్టేది నెట్ సెంటర్ అబ్బాయి. పోయినేడు మా సీఈసీ అమ్మాయి ఒకతి బీఏ చేసి గ్రూప్స్ రాయాలనుకుంది. సీటేమో బీకాం కంప్యూటర్స్‌లో వచ్చింది. "ఏం పెట్టాడో చూళ్ళేదు మేడం, నా వెనక చాలామంది ఉన్నారు" అంది.

అమెరికా స్కూళ్ళలో అవిడ్ (AVID) అనే ఎలెక్టివ్, అంటే పిల్లలు ఎంచుకుని చేరే పీరియడ్, ఉంది. 1980లో శాన్ డియాగోలోని క్లెయిర్‌మాంట్ హైస్కూల్లో మేరీ క్యాథరిన్ స్వాన్సన్ అనే ఇంగ్లిష్ టీచర్ 32 మందితో మొదలుపెట్టారు. కోర్టు ఆదేశాలతో పేద ప్రాంతాల పిల్లలు అప్పుడే ఆ స్కూలుకి బస్సుల్లో రావడం మొదలైంది. ఆమె వాళ్ళను తేలిక క్లాసుల్లోకి నెట్టలేదు. గట్టి క్లాసుల్లోనే కూర్చోబెట్టి, నెగ్గుకురావడానికి ఒక పీరియడ్ ఇచ్చారు. అది ఫస్ట్ ర్యాంకర్ల కోసం కాదు. శ్రద్ధ ఉండీ దారి తెలియని నడిమి బ్యాచ్ కోసం. మా కాలేజీలో ఎక్కువమంది వాళ్ళే.

అందులో నాకు బాగా నచ్చింది నోట్సు పద్ధతి. పేజీలో ఎడమపక్క సన్నటి జాగా వదిలి నిలువు గీత కొడతారు. కుడివైపు పాఠం, ఎడమవైపు దాని మీద తమ ప్రశ్నలు, అడుగున రెండు మూడు వాక్యాల్లో సారాంశం. కార్నెల్ యూనివర్సిటీలో పుట్టిన పద్ధతి ఇది. స్కేలు, పెన్సిలు చాలు. మా పిల్లలకి బోర్డు మీదది ఎక్కించుకోవడమే నోట్సు. నేను బోర్డు మీద రాయకపోతే వాళ్ళ పెన్ను కదలదు. రేపు డిగ్రీలో లెక్చరర్ గంటసేపు మాట్లాడుకుంటూ పోతే ఏం చేస్తారు?

అవిడ్‌లో వారానికి రెండు రోజులు ట్యుటోరియల్ కూడా ఉంటుంది. తనకి అర్థంకాని ప్రశ్న తెచ్చుకుని స్టూడెంట్ బోర్డు దగ్గర నిలబడాలి. ట్యూటర్ చాలాచోట్ల కాలేజీ విద్యార్థే. అతను జవాబు చెప్పడు, ఎదురు ప్రశ్నలు వేసి స్టూడెంట్ ఎక్కడ ఆగిపోయాడో వాడి చేతే కనిపెట్టిస్తాడు.

ఏడాదికోసారి ప్రొజెక్టర్ పెట్టి కెరీర్ గైడెన్స్ అనిపించేస్తే ఇది రాదు. ముందు కొన్ని ప్రభుత్వ కాలేజీల్లో, ఇష్టమున్న పిల్లలకి రోజుకో పీరియడ్ పెట్టించండి. దగ్గర్లోని డిగ్రీ కాలేజీ ఫైనలియర్ వాళ్ళను ట్యూటర్లుగా పిలిచి దారిఖర్చులైనా ఇవ్వండి. స్కాలర్‌షిప్ దరఖాస్తు, దోస్త్ ఆప్షన్లు అన్నీ ఆ పీరియడ్‌లోనే, కాలేజీ కంప్యూటర్ మీద, పిల్లలే చేసుకోవాలి. దయచేసి దీనికి పరీక్ష మాత్రం పెట్టకండి. నైతిక విలువలు, పర్యావరణ విద్య పరీక్షలు ఎలా జరిగాయో మీకూ తెలుసు, మాకూ తెలుసు.

జూన్‌లో కాలేజీలు తెరిచేలోపు సర్క్యులర్ వస్తే, మా దగ్గర ఆ పీరియడ్ నేనే తీసుకుంటాను.

ఇట్లు,
ఒక ప్రభుత్వ జూనియర్ కాలేజీ లెక్చరర్