85 ఎం.ఎం. లెన్స్ అడిగేవాళ్లను ఇకనుంచి ముందు రెండు ప్రశ్నలు అడుగుతాం

ఈ మధ్య మాకు వచ్చే మెసేజ్‌లలో ఎక్కువ భాగం ఒకటే మాట: "బడ్జెట్ తక్కువ, పోర్ట్రెయిట్‌కి లెన్స్ కావాలి, 85 ఉందా?" ఉంది, కొత్తదీ ఉంది, వాడినదీ ఉంది. అయినా ఇకనుంచి 85 అడిగిన వెంటనే బిల్లు కొట్టం. మీ కెమెరా ఏ మోడల్, మీరు ఎక్కువగా ఎక్కడ ఫోటోలు తీస్తారు, ఈ రెండూ తెలుసుకున్నాకే లెన్స్ బయటికి తీస్తాం. డబ్బులిచ్చి కొనేది నేను, మధ్యలో మీ ప్రశ్నలేంటి అని కొందరికి చిరాకు రావచ్చు. అందుకే కారణం వివరంగా రాస్తున్నాను.

ఎం.ఎం. అంటే లెన్స్ ఫోకల్ లెంగ్త్, అది పెరిగేకొద్దీ దూరంగా ఉన్నది దగ్గరగా కనిపిస్తుంది, ఫ్రేములో తక్కువ భాగమే పడుతుంది. 85 ఎం.ఎం.కి పోర్ట్రెయిట్ లెన్స్‌గా పేరొచ్చింది ఫుల్ ఫ్రేమ్ కెమెరాల మీద, అంటే పాత ఫిల్మ్ ఫ్రేము అంత సెన్సర్ ఉన్నవాటి మీద. మొదటి కెమెరా కొన్నవాళ్లలో చాలామంది దగ్గర ఉండేది క్రాప్ సెన్సర్ బాడీ, అంటే అంతకంటే చిన్న సెన్సర్ ఉన్న కెమెరా. దాని మీద లెన్స్ ఎం.ఎం.ని నికాన్, సోనీ, ఫ్యూజీ అయితే 1.5తో, కెనాన్ అయితే 1.6తో గుణించి చూసుకోవాలి. అంటే 50 ఎం.ఎం. లెన్సే అక్కడ 75 లేదా 80లా పనిచేస్తుంది, 85 ఏమో 127 లేదా 136లా మారిపోతుంది. కాగితం మీద ఇది చిన్న తేడాలా ఉంటుంది గానీ గదిలో నిలబడితే తెలుస్తుంది. క్రాప్ బాడీతో ఒక మనిషిని నిలువెత్తున తీయాలంటే 50తో సుమారు నాలుగు మీటర్ల దూరం చాలు, 85తో ఏడు మీటర్లు కావాలి. పైగా ఆ మనిషి వెనక కూడా కాస్త జాగా ఉండాలి, లేకపోతే బ్యాక్‌గ్రౌండ్ బ్లర్ అవదు. ఇంట్లో అంత జాగా ఎక్కడిది? వెనక్కి జరుగుతూ జరుగుతూ గోడకు ఆనుకుంటారు, ఫ్రేములో ఇంకా మోకాళ్ల దాకే పడుతుంది.

అలాగని 85 దండగ అని కాదు. మీరు ఎక్కువగా ముఖాలు దగ్గరగా తీసేవాళ్లయితే, చోటు ఉంటే, అది నిజంగా మంచి లెన్స్. ముఖం ఆకారం మారేది ఎం.ఎం. వల్ల కాదు, దూరం వల్ల. ఫ్రేము నిండా ముఖం రావాలని 50తో బాగా దగ్గరికి వెళ్తే ముక్కు కాస్త పెద్దగా, చెవులు వెనక్కి పోయినట్టు కనిపిస్తాయి. 85తో అదే ఫ్రేము కోసం వెనక్కి నిలబడతారు కాబట్టి ముఖం సహజంగా వస్తుంది. తల, భుజాల వరకైతే 50తోనూ ఇబ్బంది లేదు.

ఇప్పుడు చెప్పేది మా అమ్మకాలకు మంచిది కాదు, కానీ తెలిసి చెప్పకుండా ఉండలేను. మీ దగ్గర ఇప్పటికే 55-250 లాంటి జూమ్ ఉంటే, పగటిపూట బయటే ఎక్కువ తీస్తుంటే, ప్రస్తుతానికి ఏమీ కొనకండి. లెన్స్ ఎం.ఎం.ని ఎఫ్ నంబరుతో (1.8, 5.6 లాంటి అంకె) భాగిస్తే వెలుతురు లోపలికి వచ్చే రంధ్రం ఎంత పెద్దదో తెలుస్తుంది. ముఖం ఫ్రేములో ఒకే సైజులో ఉన్నప్పుడు, దూరంగా ఉన్న బ్యాక్‌గ్రౌండ్ ఎంత కరిగిపోతుందనేది ఈ అంకెను బట్టే ఉంటుంది. 85ని 1.8తో భాగిస్తే 47 ఎం.ఎం., 250ని 5.6తో భాగిస్తే 45. దాదాపు సమానం! 50ని 1.8తో భాగిస్తే 28, కెమెరాతో పాటు వచ్చే కిట్ లెన్స్ 55 దగ్గర 5.6లో అయితే 10 మాత్రమే. కిట్ లెన్స్‌తో బ్లర్ రావడం లేదని మీరు చెప్పేది అందుకే. జూమ్‌ని 250లో పెట్టి ఆరేడు మీటర్ల దూరంలో నిలబడి, వెనక చెట్లో మైదానమో దూరంగా ఉండేలా చూసుకుని ఒకసారి తీసి చూడండి. ఇంట్లోనూ సాయంత్రం వెలుతురులోనూ మాత్రం ఈ ఉపాయం పనిచేయదు, ఎందుకంటే 5.6తో పోలిస్తే 1.8లో సెన్సర్‌కి దాదాపు పది రెట్లు వెలుతురు అందుతుంది. ఆ అవసరం ఉన్నవాళ్లకు 50, 85 లాంటి ప్రైమ్ లెన్స్ (జూమ్ లేనిది) కొనమనే చెప్తాను.

క్రాప్ బాడీకి తక్కువలో తీసుకోవాలంటే నా సలహా 50 ఎం.ఎం. ఎఫ్ 1.8, అంతే. కెనాన్‌లో 2015లో వచ్చిన ఎస్‌టీఎం మోడల్ చూసుకోండి. దానికి ముందున్న రెండో వెర్షన్ వాడినది ఇంకా చవగ్గా దొరుకుతుంది గానీ దాన్ని కెమెరాకి బిగించే మౌంట్ ప్లాస్టిక్, వెలుతురు రంధ్రాన్ని చిన్నది చేసే బ్లేడ్లు అయిదే, అందుకని ఇక దాన్ని మేం తీసుకోవడం లేదు. నికాన్ వాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి. డి3500, డి5600 లాంటి బాడీల్లో ఫోకస్ మోటారు ఉండదు, కాబట్టి చవగ్గా ఉంది కదా అని లోపల మోటారు లేని 1.8డి కొంటే ఆటోఫోకస్ అసలు పనిచేయదు, మోటారు ఉన్న 1.8జి తీసుకోవాలి. నికాన్ జెడ్ సిరీస్ (మిర్రర్‌లెస్) వాళ్లు పాత లెన్సులు తగిలించే ఎఫ్‌టీజెడ్ అడాప్టర్ పెట్టినా డి లెన్స్‌తో అదే కథ.

వాడిన లెన్సుల విషయంలో ఒక మార్పు. ఇకనుంచి ప్రతిదానికీ టార్చ్ వేసి తీసిన ఫోటో కలిపి పెడతాం. వెనక నుంచి ఫోన్ టార్చ్ వేసి ముందు నుంచి చూస్తే, ఫంగస్ ఉంటే అంచుల దగ్గర సన్నని దారాలు కొమ్మలుగా చీలినట్టు కనిపిస్తాయి. అలాంటిది ఎంత తగ్గింపు ఇచ్చినా అమ్మం, ఎందుకంటే శుభ్రం చేయించినా కోటింగ్ మీద మచ్చ మిగిలిపోవచ్చు. రెండు మూడు ధూళి రేణువులకు టెన్షన్ పడకండి, ఫోటోలో వాటి జాడ కూడా ఉండదు. ముందు అద్దం మీద సన్నగీత కంటే వెనక అద్దం మీద గీతే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది.

లెన్స్‌తో కలిపి ఇచ్చే చవక యూవీ ఫిల్టర్ కాంబో కూడా ఆపేశాం. ఎదురు వెలుతురులో దానివల్ల ఫోటో తెల్లబారుతోంది. దాని బదులు హుడ్ (లెన్స్ ముందు తగిలించే తొడుగు) ఇస్తాం, దెబ్బ తగిలినా ముందు అదే కాసుకుంటుంది.

85కి ఇప్పటికే అడ్వాన్స్ ఇచ్చినవాళ్లు మీ బాడీ మోడల్ మెసేజ్ చేయండి. 50కి మారాలనుకుంటే తేడా డబ్బు వెనక్కి ఇచ్చేస్తాం. 85నే కావాలంటే మీ బుకింగ్ అలాగే ఉంటుంది. ట్రయల్‌కి వచ్చేటప్పుడు బ్యాటరీ, కార్డు తెచ్చుకోండి. 1.8లో ఒకటి, 2.8లో ఒకటి తీసి, స్క్రీన్ మీద కంటి రెప్పల దాకా జూమ్ చేసి చూడండి. రెండు మీటర్ల దూరంలో 85ని 1.8లో పెడితే ఫోకస్‌లో ఉండేది నాలుగైదు సెంటీమీటర్ల మందమే, తల కాస్త తిప్పితే ఒక కన్ను మసకబారుతుంది. అది మీకు నచ్చుతుందో లేదో మీ కెమెరాలోనే చూసుకుని అప్పుడు చెప్పండి.