బాడీ కాదు నాయనా, లెన్సే కొంటాను

నాయనా,

ఎట్టా ఉండావు? షుగర్ మాత్రలు టైముకి వేసుకుంటున్నావని అమ్మ చెప్పింది, పొద్దున నడక మాత్రం మానేశావట. మోకాళ్ళ నొప్పయితే డాక్టరుకి చూపించుకో. పొదలకూరు రోడ్డు దాకా బస్సులో నిలబడి పోవద్దు, ఆటో మాట్లాడుకో. నాకిక్కడ అంతా బాగుంది. ఆఫీసులో ఆడిట్ నడుస్తోంది, అంతే.

మొన్న ఫోన్లో నువ్వన్న మాట మనసులోంచి పోవడం లేదు. ఇంటి లోను కోసం నేను కడుపు మాడ్చుకుంటున్నానని, అందుకే పాత కెమెరా పట్టుకుని వేలాడుతున్నానని అన్నావు. అట్టా అనుకోవద్దు నాయనా. లోను పోను నా ఖర్చులకు మిగులుతోంది. కెమెరా బాడీ, అంటే లెన్సు తీసేస్తే మిగిలే పెట్టె, మార్చకపోవడానికి కారణం వేరే.

నా నికాన్ డి7000 మోడల్ 2010లో వచ్చింది. వెనక బటన్ల మీద గుర్తులు నా బొటనవేలికే అరిగిపోయాయి. అయినా పని చేస్తోంది. చీకటి పడేటప్పుడు ఐఎస్ఓ (తక్కువ వెలుగులో బొమ్మను వెలుతురుగా చేసే సెట్టింగు) పెంచితే బొమ్మంతా ఇసుక చల్లినట్టు వస్తుంది, అది నిజమే. కానీ నేను తీసేది పొద్దుటెండలో. ఇక్కడ దుబాయ్ పక్షుల అభయారణ్యం రాస్ అల్ ఖోర్‌లో పక్షులను చాటుగా చూసే చెక్క గదిలో కూర్చుని ఫ్లెమింగోల కోసం చూస్తాను. మన పులికాట్‌కి వచ్చే పెద్ద ఫ్లెమింగోలే ఇవి కూడా. ముక్కు తలకిందులుగా నీళ్ళలో పెట్టి, కాళ్ళతో బురద తొక్కుతూ మెల్లగా తిరుగుతాయి. బుర్జ్ ఖలీఫా వాటి వెనకాలే కనిపిస్తుంది. దగ్గరికొచ్చినవి బాగా పడతాయి. దూరంగా ఉన్నవి నా 300 ఎంఎం లెన్సులో (ఎంఎం ఎంత ఎక్కువైతే దూరపువి అంత పెద్దగా పడతాయి) చిన్న చుక్కలే, కంప్యూటర్‌లో పెద్దది చేస్తే ఈకలు కనపడవు.

అందుకే లెక్క వేసుకున్నాను. బాడీ మార్చి ఇప్పటి 16 మెగాపిక్సెళ్ళ నుంచి 24కి పోతే పక్షి పొడవు పిక్సెళ్ళలో 1.2 రెట్లు పెరుగుతుంది. లెన్సు మార్చి 300 నుంచి 500 ఎంఎంకి పోతే 1.67 రెట్లు, అంటే బొమ్మలో పక్షి ఆక్రమించే చోటు దాదాపు 2.8 రెట్లు. రెండింటిలో ఏది కొనాలో నువ్వే చెప్పు. నేను చూసింది 200-500 లెన్సు. 500 చివర కూడా ఎఫ్ 5.6 (లెన్సు లోపలికి వెలుగు వదిలే రంధ్రం కొలత) ఉంటుంది, నా 300లో వచ్చేదీ అంతే, కాబట్టి వెలుగు తగ్గదు. బరువు మాత్రం 2.3 కిలోలు. ఎండ ముదిరాక వేడికి గాలి అల్లాడి బొమ్మ చెదిరిపోతుంది, అప్పుడు ఎంత పెద్ద లెన్సయినా చేసేదేమీ లేదు. తెల్లారేసరికి అక్కడుండాలి.

ఇంకోటి కూడా ఉంది. నువ్విచ్చిన 50 ఎంఎం లెన్సులో ఫోకస్ చేసే మోటారు లేదు, బాడీలోని మోటారే దాన్ని తిప్పుతుంది. ఇప్పటి మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని) నికాన్ జెడ్ బాడీ కొని, పాత లెన్సులు దానికి బిగించే ఎఫ్‌టీజెడ్ అడాప్టర్ తగిలిస్తే అది బిగుస్తుంది గానీ ఆటోఫోకస్ రాదు, ఆ అడాప్టర్‌లో మోటారు లేదు. నానమ్మ చివరి ఫొటోలు తీసిన లెన్సు అది. ఈ బాడీ ఉన్నన్నాళ్ళూ దాన్ని ఇట్టాగే వాడుకుంటాను.

అమ్మ పంపిన గోంగూర పచ్చడి అయిపోయింది, ఈసారి కొంచెం కారం తగ్గించమను. తమ్ముడి ఫీజు కట్టేశాను.

జనవరిలో సెలవు పెడతాను. నేలపట్టు పక్షుల చెరువుకి పోదాం. తిరుపతి జిల్లాలో కలిపితే ఏం, నెల్లూరోళ్ళకి అది మన ఊరి చెరువే. దొరవారిసత్రంలో రైలు దిగితే ఆటో దొరుకుతుంది. గూడబాతులు పిల్లలకు మేత పెట్టే కాలం, నీళ్ళలో చెట్ల నిండా గూళ్ళుంటాయి. టవరు ఎక్కలేకపోతే ఎక్కొద్దు, కట్ట మీద కూర్చుందువు గాని, నేనూ నీ పక్కనే కూర్చుని తీసుకుంటాను. అమ్మ చేత నీ పాత ప్యాంటు గుడ్డతో జానెడు సంచి కుట్టించి పెట్టు, అందులో బియ్యం నింపి దాని మీద లెన్సు ఆనిస్తే చెయ్యి వణకదు.

వచ్చేవారం లెన్సు చూడ్డానికి వెళ్తున్నాను, సెకండ్‌హ్యాండ్‌ది. ఈలోపు నీకేమన్నా అనుమానముంటే ఫోన్ చెయ్యి. అమ్మకి ధర సంగతి నేనే నిదానంగా చెప్పుకుంటాను.

నీ కూతురు
దుబాయ్